కుంచెడు నొప్పి

ఒకటో రాత

మందు తొట్టెలోంచి లేచినవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలట. నర్సు ఎస్తేరమ్మ చేతిలో పలక పెట్టి మరీ చెప్పింది.

"ఏం తిన్నారో, ఎక్కడ తిరిగారో రాసుకోండి తాతాజీగారూ. నెప్పి పిండేసిన ఒళ్ళు కొన్నాళ్ళు పరాకుగా ఉంటాది. అన్నం తిన్నారో లేదో కూడా గుర్తుండదు."

అన్నం సంగతి నేను మర్చిపోతానట. నా గురించి ఆవిడకి తెలియదు పాపం.

సరే, రాస్తున్నాను. నేను పైఊళ్ళో వాన ట్యాంకుల మేస్త్రీని. సముద్రం లంకలన్నీ మింగేశాక స్తంభాల మీద లేపి కట్టుకున్న ఊరు మాది. కింద ఎటు చూసినా ఉప్పునీళ్ళే. తాగడానికి ఆకాశం ఇచ్చిందే దిక్కు. ఆ నీళ్ళు ఇంటింటికీ కొలిచి వదిలేది నేను. చుక్క ఎక్కువ ఇవ్వను, చుక్క తక్కువ రానివ్వను. వెనకాల జనం నన్ను జిడ్డు మేస్త్రీ అంటారని తెలుసు. అననీ. దాహం వేసినప్పుడు ఆ జిడ్డు మేస్త్రీయే గుర్తొస్తాడు వాళ్ళకి.

పోయిన వారం తూర్పు వంతెన మీద ట్యాంకు మూత బిగించి వస్తున్నాను. డ్రైవరు లేని కారొకటి మలుపు తిరుగుతూ, చేపల గంప దించుకుంటున్న మనిషిని తప్పించబోయి, నన్ను తీసుకెళ్ళి కటకటాలకేసి అదిమింది. కుడి తొడ ఎముక రెండు ముక్కలయింది. మణికట్టు బెణికింది. కారు ఆగి, ఆడగొంతుతో ఎంతో మర్యాదగా, "తప్పు మాది. వైద్యం మాది. దయచేసి కదలకండి" అంది. కదలడానికి కాలుండాలి కదా.

తొట్టెలో వారం పడుకుంటే ఎముక అతుక్కుంటుంది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని ఒంట్లోంచి పిండి సీసాల్లో పోస్తారు. నీలంగా, గంజిలా చిక్కగా ఉంటుంది. మా ఊళ్ళో ఆసుపత్రి బిల్లంటే ఆ సీసాలే. ఎవరో ఒకరు వాటిని తాగాలి, తాగి అనుభవించాలి. అమావాస్య దాటితే నొప్పి పులిసిపోతుంది. పులిసిన నొప్పి వడ్డీతో సహా ఎవరిది వాళ్ళ ఒంట్లోకే తిరిగొస్తుంది. చెంచా, గిద్ద, సోల, కుంచం అని పాతకాలపు కొలతలే పెట్టారు దీనికి. వేలు తెగితే చెంచాడు. పన్ను పీకితే గిద్దెడు. నాకు కుంచెడు వచ్చింది.

రెండో రాత

ఇంటికొచ్చాను. నడుస్తున్నాను. కాలు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నంత తేలిగ్గా ఉంది. పొద్దున్నే మూడు పెసరట్లు తిన్నాను, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా ఆవిడ వరహాలు రెండో అట్టు తిప్పకముందే గవర్రాజుగారు దిగబడ్డారు. మా వీధిలో పెళ్ళైనా, పురుడైనా, కాలు విరిగినా చదివింపులకి మైకు పట్టేది ఆయనే. దెబ్బ తగిలిన మనిషి ఇంటి ముందు షామియానా వేస్తారు. చుట్టాలూ ఇరుగుపొరుగూ వరసగా వచ్చి తలా కాస్త నొప్పి తాగుతారు. ఈయన మైకులో పేరుపేరునా చదువుతాడు, "ఫలానా వీధి, ఫలానా వారు, అర గిద్ద" అని. తాగినవాళ్ళకి భోజనం. ఆ సాయంత్రం వీధంతా కుంటుతూ, మూలుగుతూ, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుకుంటూ ఇళ్ళకి పోతారు. తెల్లారేసరికి నొప్పి కరిగిపోతుంది. కాకపోతే పెళ్ళి చదివింపుల్లాగే ఇదీ బదులు. నాకు అర గిద్ద తాగినవాడికి రేపు నేను అర గిద్ద తాగాలి.

"ఆదివారం పెట్టుకుందామా మేస్త్రీగారూ? కుంచెడంటే మాటలు కాదండి. మూడు వీధులకి కబురెట్టాలి" అన్నాడు గవర్రాజుగారు.

"ఒక్కరికీ పెట్టక్కర్లేదు. గుద్దింది కంపెనీ కారు. తప్పు మాదేనని కారే ఒప్పుకుంది. కంపెనీయే తాగుతుంది."

"తాగనివ్వండి, కాదన్నానా. ఆనవాయితీకి మనోళ్ళు తలో చెంచా..."

"మనోళ్ళు తలో చెంచా తాగితే, రేపు ఊళ్ళో ప్రతివాడి పన్నుపోటుకీ నేను చెంచా పట్టుకుని పరిగెత్తాలి. నాకెందుకండీ ఆ గొడవ."

ఆయన ముఖం ముడుచుకున్నాడు. పెసరట్టు తినమంటే కడుపు నిండుగా ఉందని వెళ్ళిపోయాడు. గవర్రాజుగారు పెసరట్టు వద్దనడం ఈ ఊరు పుట్టాక అదే మొదలు.

వరహాలు పెనం దించి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "కంపెనీకి నోరెక్కడుందండీ తాగడానికి?"

"పట్నంలో పెద్ద మిషనుందట. పోస్తే పీల్చేస్తుందట."

"ఎవరు చెప్పేరు?"

"అందరూ అంటున్నారు కదే."

అందరూ అనేది నిజమే. చూసినవాడు మాత్రం ఎవడూ లేడు. అయినా కంపెనీ ఎలా తాగితే నాకేం, తాగితే చాలు.

సాయంత్రం దాకా ఎదురుచూశాను, నా బావమరిది అబ్బులు వస్తాడని. వరహాలుకి ఒక్కగానొక్క తమ్ముడు. కింది అంతస్తులో ఉంటాడు, పోటొస్తే గడపలోకి నీళ్ళొచ్చే చోట. ఏం పని చేస్తావురా అంటే "చిన్నాచితకా పనులు బావా" అంటాడు. చొక్కాలు మాత్రం నాకంటే మంచివి వేస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త రోగం. ఒకసారి దవడ పట్టుకుని వస్తాడు, ఇంకోసారి నడుం వంచుకుని వస్తాడు, మర్నాటికి ఏమీ ఉండదు. పని తప్పించుకోడానికి వేషాలని నేను ఏడిపిస్తుంటాను. వాడు నవ్వేసి ఇంకో ముద్ద పప్పన్నం కలుపుకుంటాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. మావాడు బావ ఇంట్లో భోజనం కోరేవాడు.

రాలేదు.

మూడో రాత

కంపెనీ తరఫున ఫణికుమారి అనే అమ్మాయి వచ్చింది. చక్కగా దణ్ణం పెట్టింది, వరహాలు ఇచ్చిన మజ్జిగ తాగింది, కారు తరఫున మళ్ళీ క్షమాపణ చెప్పింది. వరహాలు వంటింట్లోకి వెళ్ళాక అసలు విషయం ఎత్తింది.

"విడతలుగా తీర్చేస్తామండి. మూడు అమావాస్యలు పడతాది. సీసాలు మా చలువ పెట్టెలో ఉంటాయి కాబట్టి పులవవు. అంతవరకు మీ కాలు కాస్త సలుపుతూ ఉంటాదంతే."

"ఏకమొత్తంగా తీర్చేస్తే?"

"ఈ అమావాస్యలోపే అయిపోద్దండి. కాకపోతే..." అని ఆగింది. కళ్ళు దించుకుని గ్లాసు అంచు తుడిచింది. "విడతలైతే మా వైపు కాస్త వెసులుబాటుగా ఉంటాదండి."

ఇలాంటి మాటలు నేను చాలా విన్నాను. పై వీధి పెద్దలు కూడా నీళ్ళ బాకీ దగ్గర వెసులుబాటనే అంటారు. వెసులుబాటు ఇస్తే ఆ బాకీ ఏటిలో కలిసినట్టే.

"మీ వెసులుబాటుతో నాకేం పనమ్మా. గుద్దేటప్పుడు మీ కారు విడతలుగా గుద్దిందా? ఏకమొత్తం. అమావాస్యలోపు. లేదంటే పంచాయితీలో పెడతాను."

ఆ అమ్మాయి ఏదో అనబోయి మానేసింది. "మణికట్టు కూడా కలపమంటారా?" అంది.

"కలపక?"

అప్పుడు నా బుర్రలో ఒక పురుగు తొలిచింది. అదే కాలికి మోకాలుంది. చాలా ఏళ్ళ కిందట ట్యాంకు నిచ్చెన మీంచి జారి పాడు చేసుకున్నది. ఆనాటి నుంచి నేను నేల మీద కూర్చున్నది లేదు. పెళ్ళి భోజనాల్లో అందరూ బంతిలో కూర్చుంటే నాకొక్కడికే కుర్చీ వేస్తారు. అబ్బులైతే "పెళ్ళికొడుక్కి లేకపోయినా మా బావకి సింహాసనం ఉండాలి" అని నవ్విస్తాడు. ఇప్పుడు పిండించుకున్నది కొత్త నొప్పే. పాతది అక్కడే ఉంది. సందట్లో సడేమియా అన్నట్టు ఇదీ పోతే?

"మోకాలు కూడా ఉందమ్మా. ఆ రోజే దెబ్బ తగిలింది. తొట్టెలో మర్చిపోయారు" అన్నాను.

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని నాకే తెలియదు. కంపెనీ సొమ్మే కదా అనిపించింది. సముద్రంలో చెంచాడు నీళ్ళు పోస్తే సముద్రం పొంగుతుందా?

నాలుగో రాత

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి మోకాలు పిండించుకున్నాను. సోలెడు వచ్చింది. ఎస్తేరమ్మ సీసా వెలుతురుకేసి పట్టి చూసింది. నీలం కాదు, మసిలా నల్లగా ఉంది.

"ఇది పాతదిలాగుందండి."

"దెబ్బకి నల్లబడి ఉంటుంది."

నా ముఖంలోకి ఒకసారి చూసి మూత బిగించేసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే కాస్త గుచ్చుకుంది, కాని ఆసుపత్రి మెట్లు దిగేసరికి అదీ మర్చిపోయాను. ఎందుకంటే మెట్లు దిగుతున్నాను. పక్క గోడ పట్టుకోకుండా, ఒక్కో మెట్టు మీద ఆగకుండా దిగుతున్నాను. చిన్నపిల్లాడిలా మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను. పడమటి ట్యాంకు నిచ్చెన ఎక్కి పైన కూర్చుని ఊరంతా చూశాను. ఇంటికొచ్చి నేల మీద పీట వేయించుకుని బాసింపట్టు వేసుకుని భోజనం చేశాను. చేపల పులుసు.

వరహాలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మోకాలు వంగుతోందేంటండీ?"

"మందు తొట్టె మహిమ" అన్నాను.

ఆవిడ సంతోషపడింది. దేవుడికి దీపం పెట్టింది. తర్వాత తమ్ముడి మాట ఎత్తింది. "అబ్బులు ఇంకా రాలేదండి. మీకు దెబ్బ తగిలిందని ఆ రోజే కబురెట్టేను. 'వస్తాను, బావ చదివింపులకి నాదే మొదటి పేరని గవర్రాజుగారితో చెప్పు' అన్నాడు."

"చదివింపులు లేవని తెలిసి మానేసి ఉంటాడు. విందు లేదుగా."

"వాడు అలాంటోడు కాదండి."

"ఎలాంటోడో నాకు తెలుసులే."

అయిదో రాత

పొద్దున వర్షం పడింది. ట్యాంకులన్నీ చూసి వచ్చాను, కాలు పరుగులు పెడుతోంది. ఎంత తిరిగినా అలుపు లేదు. ఇంత కాలం మోకాలిని బతిమాలుకుంటూ బతికానా అని నాకే ఆశ్చర్యంగా ఉంది.

దారిలో ఎదురైనవాళ్ళు "ఎలాగుంది మేస్త్రీగారూ" అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోతున్నారు. చదివింపులకి పిలవలేదని కోపం. వాళ్ళ కోపం వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి. బజ్జీల కొట్టువాడు, మందుల కొట్టువాడు కూడా పలకరించారు. ఊరందరికీ తీరిక ఉంది, నా సొంత బావమరిదికి లేదు. చస్తే చూడ్డానికైనా వస్తాడా వీడు? నాకు నిజంగానే కష్టమేసింది. ఎంత ఆటపట్టించినా వాడంటే నాకు ఇష్టమే, ఆ ముక్క వాడి ముఖాన ఎప్పుడూ చెప్పలేదు.

ఆరో రాత

కంపెనీ నుంచి కబురు. "మీ బిల్లు ఏకమొత్తంగా చెల్లించబడింది. మీ ప్రయాణం సుఖమగుగాక." తొడ, మణికట్టు, మోకాలు, అంతా. ఒక్క చెంచా మిగల్లేదు. అమావాస్యకి ఇంకా టైముంది.

కాజాలు తెప్పించి వీధిలో పంచాను. గవర్రాజుగారికి నా చేత్తో నేనే రెండు పెట్టాను. "చూశారా, ముక్కు పిండి వసూలు చేశాను" అన్నాను. ఆయన కాజా చేతిలో పెట్టుకుని, "ఎవరి ముక్కండీ?" అని అడిగాడు. కుళ్ళుబోతు మాట అనుకున్నాను.

వరహాలు మధ్యాహ్నం నాకు చెప్పకుండా కింది అంతస్తుకి వెళ్ళొచ్చింది. అబ్బులు గది తాళం వేసి ఉందట. పక్కింటావిడ చెప్పిందట, కంపెనీ బండి వచ్చి తీసుకెళ్ళిందని, నడిచి కాదు, మోసుకుని తీసుకెళ్ళారని.

"ఏ కంపెనీ?"

"మీ కారు కంపెనీయేనండి. వాడక్కడ పని చేస్తాడంట. మనకెప్పుడూ చెప్పలేదు."

కంపెనీలో ఉద్యోగం వెలగబెడుతూ నాతో చిన్నాచితకా పనులన్నాడన్నమాట. పైగా సొంత కంపెనీ కారు సొంత బావని గుద్దితే చూడ్డానికి రాలేదు. నాకు ఒళ్ళు మండింది. రేపు వెళ్ళి దులిపేస్తాను. తనూ వస్తానంది వరహాలు. నేను తిట్టేటప్పుడు మధ్యలో పడి వాణ్ణి వెనకేసుకొస్తుందని వద్దన్నాను.

ఏడో రాత

రాయాలని లేదు. కాని రాయకపోతే ఈ రోజు ఎప్పటికైనా మర్చిపోతానేమోనని భయంగా ఉంది. ఇది మర్చిపోతే నేను మనిషిని కాను.

కింది అంతస్తులో పాత రొయ్యల గోదాము ఉంది. కంపెనీవాళ్ళు దాన్ని తీసుకున్నారు. లోపలికి వెళ్ళాను. ఆఫీసు ఉంటుందనుకున్నాను, బల్లలూ కుర్చీలూ ఉంటాయనుకున్నాను. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మంచాలు. మంచానికొకరు. కొందరు పళ్ళు బిగించి పడుకున్నారు. ఒకడు దిండు కొరుకుతున్నాడు. ఒకావిడ కడుపు పట్టుకుని ఊగుతోంది, ఆవిడ నా కింది వీధి కుళాయి దగ్గర రోజూ రెండు బిందెలు పట్టుకునే మనిషే. నన్ను చూసి గుర్తుపట్టి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

అక్కడున్న కాపలా మనిషిని అడిగాను, "మిషనెక్కడయ్యా? పట్నంలో ఉందంటారే?"

"మిషనేంటండి?" అన్నాడు. "నెప్పి మనిషికి తప్ప దేనికి తెలుస్తాదండి? తాగినోడికి నెప్పి తెలిస్తేనే బిల్లు తీరినట్టు. మా మిషన్లు ఈళ్ళేనండి."

నా కాళ్ళ కింద స్తంభాలన్నీ ఒక్కసారి కదిలినట్టయింది. అయినా అప్పటికి నా గురించి నాకు ఇంకా తెలియదు. పాపం జనం, అనుకున్నాను. అంతే అనుకున్నాను.

అబ్బులు చివరి మంచం మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. టీ గ్లాసు చేతిలో ఉంది. ముఖం సగమైపోయింది. నన్ను చూడగానే వెలిగిపోయింది.

"బావా, నువ్వెందుకొచ్చేవు ఈ కంపులోకి? కాలెలాగుంది?"

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. "బాగుందిరా. నీకేమైంది?"

"నాకేంటి, ఇదే కదా నా పని. అక్కకి చెప్పలేదు, బెంగెట్టుకుంటాదని. గిద్ద, అర సోల తాగుతాం, రెండ్రోజులు మూలిగి లేస్తాం. బానే ఇస్తారు. నిన్ను చూడ్డానికి రాలేకపోయేను, ఏమనుకోకు. నీకేంలే, ఊరూరంతా చదివింపులకొచ్చుంటారు."

వాడు టీ ఒక గుక్క తాగి మళ్ళీ మొదలెట్టాడు.

"అసలు నీకోసమే బావా. నీ కాలిరిగిందని అక్క కబురెట్టిన కాణ్ణుంచి సరుకేదీ ముట్టుకోలేదు నేను. ఒళ్ళు ఖాళీగా ఉంటే నీ చదివింపుల్లో సోలెడు తాగి, మైకులో నా పేరు గట్టిగా చదివించాలని. అదే కొంప ముంచింది. ఇంతలో ఈ పెద్ద సరుకొచ్చి పడింది. మామూలుగా అయితే నలుగురైదుగురం పంచుకుని రెండు మూడు నెలల్లో లాగించేస్తాం. ఈ మనిషెవడోగాని గొప్ప ఘటం. విడతలొద్దన్నాడంట. ఏకమొత్తమంట, అమావాస్యలోపంట, లేకపోతే పంచాయితీ అంట. ఇక్కడ చూస్తే అందరూ నిండుగా ఉన్నారు. ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే."

"ఎవరిదో చెప్పలేదా మీకు?"

"పేర్లు చెప్పరు బావా. తొడెముక. సరే, పెద్దదే, తాగేను. మణికట్టు. అదీ తాగేను. అయిపోయిందని ఇంటికి పోయి పడుకుంటే, మోసుకొచ్చి మరీ ఆఖర్న నల్ల సీసా ఒకటి తీసేరు. మోకాలంట. కారు దెబ్బంట. తాగేవోడికి తెలీదా బావా? కొత్త నెప్పి కారంగా ఉంటాది. పాతది చేదు. ఏళ్ళ తరబడి ముదిరిన నెప్పి అది. ఎవడో పనిలో పనిగా దూర్చేశాడు. తొడెముక దాకా తట్టుకున్నాను. ఆ నల్ల సీసా దగ్గరే..."

మాట్లాడుతూ చెయ్యి తిప్పాడు. గ్లాసు ఒరిగింది. వేడి టీ వాడి కుడి మోకాలి మీద పడి పంచె మీద పాకింది. పొగలొస్తున్నాయి. వాడు చెబుతూనే ఉన్నాడు. టీ పడిన సంగతి వాడికి తెలియలేదు. ఆ కాలు వాడిది కానట్టే ఉంది.

భుజం మీది తువ్వాలు లాగి, మంచం పక్కన గొంతుకూర్చుని గబగబా తుడిచాను. పంచె తొలగిస్తే చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. వాడి మాట ఆగిపోయింది.

తలెత్తితే, వాడు కాలిన తన కాలిని చూసుకోవడం లేదు. కింద గొంతుకూర్చున్న నన్ను చూస్తున్నాడు. మడత పడిన నా మోకాలిని చూస్తున్నాడు.

పక్క మంచం మీది మనిషి మూలుగుతున్నాడు.

"చదివింపులు పెట్టలేదా బావా?" అన్నాడు చివరికి.

తల అడ్డంగా ఊపాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. తిడితే బాగుండును. చెంప మీద ఒక్కటి కొడితే ఇంకా బాగుండును. నేను కాపలా మనిషి దగ్గరికి పరిగెత్తాను. ఆ నొప్పి నాది, నాకు ఇచ్చేయండి, ఇప్పుడే తాగుతాను అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తాగేసింది ఎక్కడ్నుంచి తెస్తామండి? ఆ కాలికి ఇంక స్పర్శ రాదన్నారు డాక్టరుగారు. స్పర్శ లేనోడు మాకు పనికిరాడు. మీరు చుట్టాలే కదా, తీసుకుపోండి. నిప్పు దగ్గరికి, మేకుల దగ్గరికి ఒంటరిగా పోనివ్వకండి. కాలినా తెగినా తెలీదు మరి."

ఎనిమిదో రాత

పోటు వేళ లిఫ్టు ఆపేస్తారు. అబ్బుల్ని వీపు మీద ఎక్కించుకుని మెట్లన్నీ ఎక్కాను. వాడు బరువైనవాడే, నా ఇంటి పప్పన్నం అంతా అక్కడే ఉంది. ఏదో ఒక మెట్టు మీద మోకాలు కలుక్కుమంటుందని ఎదురుచూశాను. అనమని బతిమాలుకున్నాను. అనలేదు. పైదాకా నూనె రాసిన తలుపు బందులా వంగుతూనే ఉంది.

సగం దారిలో వాడు నా చెవి దగ్గర అన్నాడు, "అక్కకి చెప్పమాకు బావా. మిషనుందనే అనుకోనీ. నేనెక్కడో పడ్డానని చెబుదాం."

"అలాగే" అన్నాను. మిగతా మెట్లన్నీ ఆ అబద్ధాన్ని సరిచేసుకుంటూనే ఎక్కాను. ఎక్కడ పడ్డాడు, ఎలా పడ్డాడు అని. గడప దగ్గరికి వచ్చేసరికి కథ తయారుగా ఉంది.

వరహాలు తలుపు తీసింది. తమ్ముణ్ణి చూసి కేక వెయ్యలేదు. చాప పరిచి కూర్చోబెట్టింది, నీళ్ళిచ్చింది, కాలిన చోట వెన్న రాసింది. రాస్తూ వాడి ముఖం చూసింది. వాడు నవ్వుతున్నాడు. కాలిన మనిషిలా ఉలిక్కిపడాల్సిన చోట నవ్వుతున్నాడు. ఆవిడ గోటితో మెల్లగా వాడి పాదం మీద గిచ్చింది. ఇంకాస్త గట్టిగా గిచ్చింది. అప్పుడు నాకేసి తిరిగింది.

నేను తయారు చేసుకున్న కథ నోట్లోంచి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. గోదాము, మంచాలు, మిషను లేదన్న సంగతి, ఏకమొత్తం కావాలని నేను పట్టిన పట్టు, నా కోసం ఒళ్ళు ఖాళీ పెట్టుకుని కూర్చున్న వీడి సంగతి. అబ్బులు వద్దన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ తమ్ముడి పాదం ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"తొడెముక నొప్పి వీడే తాగేడా?" అంది.

"ఊఁ."

"మణికట్టు?"

"అదీ."

తమ్ముణ్ణి మోసుకుని అన్ని మెట్లెక్కి వచ్చి, ఆయాసం కూడా లేకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న నన్ను కిందినుంచి పైకి చూసింది.

"మోకాలు కూడానా?" అని అడిగింది.